రహీం సాబ్ స్మృతికి మా బస్తీ ఫుట్‌బాల్ సంఘం తీర్మానం

జూన్ 11వ తేదీ సాయంత్రం మైదానం పక్కన వేపచెట్టు కింద మా బస్తీ ఫుట్‌బాల్ సంఘం సర్వసభ్య సమావేశం జరిగింది. సంఘం అధ్యక్షులు అధ్యక్షత వహించారు. కార్యదర్శి ప్రవేశపెట్టిన ఈ తీర్మానాన్ని సభ్యులు గంటన్నర సేపు చర్చించి, రెండు చోట్ల దిద్ది, ఏకగ్రీవంగా ఆమోదించారు.

విషయం: కీర్తిశేషులు సయ్యద్ అబ్దుల్ రహీం గారి స్మృతి. పాతబస్తీ సభ్యులు ఆయన్ను మర్హూం రహీం సాబ్ అంటారు. హైదరాబాద్ మైదానాల్లో ఆయనకు ఉన్న పేరు రహీం సాబ్. ఈ తీర్మానంలోనూ ఆ పేరే వాడుతున్నాం.

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు, ఆ విశ్వవిద్యాలయం జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత బడిపంతులయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ ఆయన పనిచేసిన బడులు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత కూడా నెత్తికెత్తుకున్నారు. భారత జట్టు కోచ్‌గా ఆయన పేరు ప్రపంచానికి తెలియడం ఇవన్నీ అయ్యాక జరిగింది. ఈ వరుసను సభ ప్రత్యేకంగా రికార్డు చేయదలచింది. 2024లో అజయ్ దేవగణ్ నటించిన ‘మైదాన్’ సినిమా వచ్చాక మా పిల్లలకు కూడా రహీం సాబ్ ఎవరో తెలిసింది, సంతోషమే. సినిమా కాబట్టి అందులో స్టేడియాలు, పతకాలు ఎక్కువ కనిపిస్తాయి. మేము మాత్రం ముందుగా బడి మైదానంలో విజిల్ పట్టుకుని నిలబడిన సార్‌ను తలచుకుంటున్నాం. మా అసలు బాకీ ఆయనకే.

ఆయన పిల్లలకు ఆట నేర్పిన పద్ధతి గురించి కాస్త వివరంగానే చెప్పుకోవాలి. మాలో పెద్దవాళ్లకు ఆట నేర్పిన సార్ల ద్వారా అందులో కొంత మా కాళ్లలోకీ వచ్చింది. రహీం సాబ్ డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టేవారు. బంతి కాలికి అందగానే ఇంకొకరికి ఇచ్చేయాలి తప్ప, నలుగురిని తప్పించుకుంటూ పోయే ముచ్చట కుదరదు. వినడానికి సులువుగా ఉంటుంది. మైదానంలోకి దిగితే తెలుస్తుంది తంటా. బంతి రాకముందే తలెత్తి చూసుకోవాలి, మనవాడు ఎక్కడున్నాడో, ఎక్కడికి పరిగెత్తబోతున్నాడో ముందే పసిగట్టాలి. బంతి వచ్చాక ఆలోచిద్దామనుకునేవాడికి ఈ ఆటలో చోటు లేదు. బంతిని సొంత సొత్తులా కాళ్ల మధ్య దాచుకునే పిల్లవాడు పది నిమిషాల్లో ఒంటరివాడవుతాడు, ఆ తర్వాత తనంతట తానే పక్కవాణ్ని వెతుక్కుంటాడు.

ఇంకొకటి బలహీనమైన కాలి ఆట. కుడికాలి వాటం ఉన్నవాళ్లు ఎడమకాలితోనే తన్నాలి. గత నెలలో మేము దీన్ని ఒక్క ఆదివారం ప్రయత్నించి చూశాం. పదకొండేళ్ల పిల్లవాడొకడు, మా జట్టులో అందరికంటే గట్టిగా తన్నేవాడు, గోలు ముందు ఖాళీగా దొరికిన బంతిని ఎడమకాలితో తన్నబోయి బంతి పక్కన నేలను తన్నాడు. దుమ్ము లేచింది, బంతి అక్కడే ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, వాడూ నవ్వాడు. సాయంత్రం మేము మైదానం తాళం వేయడానికి వెళితే వాడు ఒక్కడే గోడకేసి ఎడమకాలితో బంతి తన్నుకుంటూ కనిపించాడు. ఆ పోటీ ఎందుకు పెట్టారో అప్పుడు మాకు అర్థమైంది. పిల్లవాడి లోపాన్ని వాడికి చూపించి, దిద్దుకునే పనిని మళ్లీ వాడి చేతిలోనే పెట్టే ఏర్పాటది. ఉపన్యాసం అక్కర్లేదు.

పొట్టి పిల్లల కోసం ఎత్తు పరిమితితో వేరే పోటీలు కూడా నడిపేవారు. పద్నాలుగేళ్లకే మీసాలొచ్చిన బండవాళ్ల భుజాల కింద నలిగిపోయి ఆట మానేసిన చిన్నవాళ్లు ఎంతమందో ఏ పీఈటీ సార్‌ను అడిగినా చెబుతారు. వాళ్లలో ఎంత ఆటగాడు పోయాడో ఎవరూ లెక్క వేయరు. రహీం సాబ్ వేశారు.

ఇక ఆయన చేసిన ప్రజా సేవ. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు, 1963లో కన్నుమూసేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. ఆ ఇరవై ఏళ్లలో నిజాం పాలన ముగిసింది, హైదరాబాద్ రాష్ట్రం వచ్చింది, అదీ పోయి 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. జెండాలు మారాయి, ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి మారలేదు. కార్యదర్శి పని అంటే ఏమిటో ఈ సభలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. లీగు మ్యాచ్‌ల పట్టిక తయారు చేయాలి, మైదానం అడగాలి, సున్నపు గీతలు గీయించాలి, రాని రెఫరీ ఇంటికి మనిషిని పంపాలి, ఓడిన జట్టు రాసిన ఫిర్యాదు చదవాలి, గెలిచిన జట్టు రాసిన ఫిర్యాదు కూడా చదవాలి. దండలు అధ్యక్షుడికి, తిట్లు కార్యదర్శికి. మా ప్రస్తుత కార్యదర్శి ఈ వాక్యాన్ని తీర్మానంలో ఉంచాలని పట్టుబట్టారు.

ఆ పని ఫలితం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో కనిపించింది. రహీం సాబ్ శిక్షణలో ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు గెలిచింది. మన పోలీసుల జట్టు సాధించిన గెలుపులవి. సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956–57లో, మళ్లీ 1957–58లో గెలిచింది. ఆయన పోయాక 1965–66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో ఆ ట్రోఫీ మరోసారి వచ్చింది. ఆయన నాటిన చెట్టుకు కాసిన చివరి కాయ అదే అని మా అభిప్రాయం. 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ మన గచ్చిబౌలిలోనే జరిగింది. ఆడింది బెంగాల్, కేరళ. మన ఊళ్లో జరిగిన ఆ ఫైనల్‌కు మేము టిక్కెట్టు కొనుక్కుని వెళ్లి గ్యాలరీలో కూర్చున్నాం.

తులసీదాస్ బలరాం సంగతి ఇక్కడ చెప్పకపోతే తీర్మానం అసంపూర్తి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన బీద ఇంటి కుర్రాడు. రహీం సాబ్ అతని ఆట చూసి హైదరాబాద్‌కు రమ్మన్నారు. రోజూ వచ్చి పోవడానికి డబ్బులు ఎక్కడివి? అద్దె సైకిలు మీద రమ్మని, ఆ అద్దె తానిస్తానని రహీం సాబ్ అన్నట్టు బలరాం తర్వాతి రోజుల్లో చెప్పుకునేవారు. ఆ కుర్రాడు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్ ఆడాడు, 1960లో రోమ్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోల్స్ కొట్టాడు, 1962లో జకార్తాలో స్వర్ణ పతకం మెడలో వేసుకున్నాడు. ప్రతిభ గురించి సభల్లో చాలా మాట్లాడతాం. ఒక్కోసారి ప్రతిభకూ మైదానానికీ మధ్య అడ్డంగా నిలిచేది సైకిలు అద్దె. దాన్ని ఎవరో ఒకరు జేబులోంచి తీసి ఇవ్వాలి.

దేశం తరఫున ఆయన సాధించినవి అందరికీ తెలిసినవే కాబట్టి క్లుప్తంగా నమోదు చేస్తున్నాం. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో మేవాలాల్ కొట్టిన ఒక్క గోలుతో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచాం. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడాం. ఆ చలిలో మనవాళ్లలో చాలామంది వట్టికాళ్లతో ఆడారు. ఇంకెవరైనా అయితే ఆ ఓటమి మాట ఎత్తకుండా దాటేసేవారు. రహీం సాబ్ దాన్ని పాఠంగా తీసుకున్నారు. ఆటగాళ్ల కాళ్లకు బూట్లు వచ్చాయి, జట్టు ఆడే తీరు మారింది. నాలుగేళ్లకు మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4–2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనది. చివరికి నాలుగో స్థానం దక్కింది. మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌లో చివరిసారి ఆడింది 1960లో రోమ్‌లో. అప్పుడూ కోచ్ ఆయనే.

జకార్తా మాత్రం క్లుప్తంగా ముగించలేం. 1962 ఆసియా క్రీడల్లో తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడాం. తర్వాత థాయ్‌లాండ్‌తో ఆడుతుండగా మన రక్షణ శ్రేణికి వెన్నెముకలాంటి జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. అలాంటి ఆటగాణ్ని ఇంటికి పంపడమో బెంచీ మీద కూర్చోబెట్టడమో చేస్తారు ఎవరైనా. రహీం సాబ్ అతణ్ని వెనక నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా ముందు నిలబెట్టారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3–2తో గెలిచాం, అందులో జర్నైల్ గోలొకటి. ఫైనల్ సెప్టెంబరు 4న. ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియా. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వలేదన్న వివాదంలో మన క్రీడా ప్రతినిధి ఒకరు మాట్లాడిన మాటలకు జకార్తా జనం మండిపడి ఉన్నారు. లక్ష మంది నిండిన స్టేడియం మనకు ఎదురు తిరిగింది. జ్వరంతో మంచం పట్టి లేచిన తంగరాజ్‌ను గోల్‌లో నిలబెట్టారు రహీం సాబ్. కొరియావాళ్లు ఎత్తుగా వేసే బంతులకు పొడుగు మనిషి కావాలని ఆయన లెక్క. తంగరాజ్ కూడా హైదరాబాద్‌లో పుట్టి సికింద్రాబాద్ మైదానాల్లో ఆడిన కుర్రాడే. పదిహేడో నిమిషంలో పి.కె. బెనర్జీ, ఇరవయ్యో నిమిషంలో జర్నైల్ గోల్స్ కొట్టారు. 2–1తో స్వర్ణం మనది. ఫైనల్‌కు ముందు కోచ్ తమను ఒక కానుక అడిగారని, అది ఆ పతకమేనని ఆటగాళ్లు జీవితాంతం చెప్పుకున్నారు.

ఆయన ఒంట్లో అప్పటికే క్యాన్సర్ ఉంది. తొమ్మిది నెలలు తిరిగాయి. 1963 జూన్ 11న రహీం సాబ్ పోయారు. వయసు 53. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణం మళ్లీ రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో ఒక కాంస్యం వచ్చింది, అంతే.

కుటుంబ పెద్దగా ఆయన్ను తలచుకోవడానికి ఈ సభ ఒక్క సంగతినే ఎంచుకుంటున్నది. పెద్దకొడుకులాంటివారన్న మాటలు, ఆదర్శ గృహస్థు అన్న బిరుదులు సంతాప తీర్మానాల్లో అందరికీ రాస్తారు. వాటి జోలికి మేము పోవడం లేదు. రహీం సాబ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం మంచి ఆటగాడు. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. కోచ్ తండ్రి. ఆ ఒలింపిక్స్‌లో హకీం ఒక్క మ్యాచ్ కూడా మైదానంలోకి దిగలేదు. ఇరవై ఒక్కేళ్ల కొడుకు ఒలింపిక్స్ దాకా వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు, ఐదడుగుల దూరంలో తండ్రి నిలబడి వేరేవాళ్ల పిల్లల్ని లోపలికి పంపుతున్నాడు. ఆ ఇంట్లో ఆ తర్వాత భోజనాల దగ్గర ఏం మాట్లాడుకున్నారన్నది మన పని కాదు. కొడుకు మాత్రం ఆటను వదలలేదు. హకీం వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్ అయ్యారు, ఫిఫా రెఫరీగా విజిల్ పట్టుకున్నారు, కోచ్‌గా పనిచేశారు, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నారు, 2021 ఆగస్టులో కన్నుమూశారు. తండ్రి ఇచ్చిన ఆస్తి ఏమిటో ఆ జీవితం చూస్తే తెలుస్తుంది. సెలెక్షన్ రోజున మన పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే మేమందరం, కమిటీ సభ్యులతో సహా, ఆ బెంచీని ఒక్కసారి తలచుకోవాలి. ఈ వాక్యం దగ్గర సభలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

బతికుండగా కానీ, పోయాక కానీ రహీం సాబ్‌కు పద్మ పురస్కారం రాలేదు. ద్రోణాచార్య పురస్కారం పుట్టిందే 1985లో. ఐ-లీగ్‌లో ఉత్తమ కోచ్‌కిచ్చే అవార్డుకు ఆయన పేరు పెట్టారు, బాగుంది. ఆయన ఆటగాళ్లకు దక్కిన గౌరవాల పక్కన పెట్టి చూస్తే గురువుకు దక్కింది తక్కువ. దీన్ని ఈ సభ అన్యాయంగానే భావిస్తున్నది. ఆ అన్యాయాన్ని తిట్టుకుంటూ కూర్చోవడం మాత్రం రహీం సాబ్ పద్ధతి కాదు.

విగ్రహం పెడదామని చర్చలో ఒక సభ్యుడు ప్రతిపాదించారు, ఇద్దరు బలపరిచారు. మైదానం ఈశాన్య మూలలో జాగా కూడా చూపించారు. ఆ మూల నుంచే కార్నర్ కిక్ కొడతామని ఇంకో సభ్యుడు గుర్తు చేశారు. విగ్రహానికి ఏడాదికొక దండ పడుతుంది, మిగతా రోజుల్లో బంతి తగులుతుంది అని ఒక పెద్దాయన అనేసరికి అందరూ నవ్వారు, ప్రతిపాదించిన సభ్యుడు స్వయంగా ఉపసంహరించుకున్నారు. కావున రహీం సాబ్ స్మృతిని ఆయన చేసిన పనులతోనే నిలుపుకోవాలని ఈ సభ నిశ్చయించింది.

ఇకమీదట ప్రతి నెలా మొదటి ఆదివారం మా మైదానంలో బలహీనమైన కాలి ఆట జరగాలని తీర్మానించడమైనది. మా వాడిది పుట్టుకతోనే ఎడమకాలి వాటం, వాడికి మినహాయింపు ఇవ్వాలి అని ఒక తల్లి కోరారు. మినహాయింపు లేదు, వాడు కుడికాలితో ఆడతాడని సభ నిర్ణయించింది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఏటా జూన్‌లో డ్రిబ్లింగ్ లేని పోటీ ఉంటుంది, దానికి ఎత్తు పరిమితి కూడా పెట్టాలి. ఎత్తు కొలవడానికి గోడ మీద పెయింటుతో గీత గీయాలి, టేపుతో కొలిస్తే పోటీకి ముందు రోజు తగాదాలు వస్తున్నాయని అనుభవం. దూరం బస్తీల నుంచి వచ్చే పిల్లలకు బస్సు చార్జీ ఇవ్వడానికి సంఘం ఖాతాలో ప్రత్యేకంగా ఒక పద్దు తెరవాలి, దానికి ‘సైకిలు అద్దె’ అని పేరు పెట్టాలి. ఎవరికి ఎంత ఇచ్చిందీ కార్యదర్శి రాసుకోవాలి కానీ, పేర్లు నోటీసు బోర్డు మీద వేయరాదు.

జట్టు ఎంపికలో ఏ కమిటీ సభ్యుడూ తన కొడుకు, కూతురు, మేనల్లుడు, మేనకోడలు పేరు మీద ఓటు వేయరాదని కూడా తీర్మానించడమైనది. ఈ అంశం మీద చర్చ అన్నిటికంటే ఎక్కువసేపు నడిచింది. తోడల్లుడి కొడుకు సంగతేమిటని అడిగిన సభ్యుడికి, అది కూడా అందులోకే వస్తుందని అధ్యక్షులు సమాధానం చెప్పారు.

మన బడుల్లో పిల్లలకు ఆటల పీరియడ్ కాగితం మీద ఉంటుంది, లెక్కల సారో సైన్సు సారో దాన్ని అడిగి తీసుకుంటారు. చాదర్‌ఘాట్‌లో ఒక బడిపంతులు ఆటల పీరియడ్‌ను ఎలా వాడుకున్నారో తెలిసినవాళ్లుగా, ఆ పీరియడ్‌ను ఎవరికీ ఇవ్వవద్దని మా చుట్టుపక్కల బడుల ప్రధానోపాధ్యాయులందరికీ ఈ తీర్మానం ప్రతితో పాటు లేఖ రాయాలని, ఆ లేఖను మా కార్యదర్శి తపాలాలో పంపకుండా స్వయంగా తీసుకెళ్లి ఇవ్వాలని సభ ఆదేశిస్తున్నది. ఒక ప్రతిని రాష్ట్ర క్రీడా శాఖకూ పంపాలి.

తీర్మానం చదివి ఆమోదించాక సభ్యులు లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించారు. అప్పటికి చీకటి పడింది.

బలహీనమైన కాలి ఆట వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం ఆరు గంటలకు మొదలవుతుంది. బూట్లు లేని పిల్లలు శుక్రవారంలోగా కార్యదర్శి దగ్గర కాలి సైజు రాయించుకోవాలి. వాన పడినా ఆట ఉంటుంది.